యంత్రం జవాబు చెప్పింది సరే, దిద్దేదెవరు?

ఇరవై కోట్ల ప్రోటీన్ల ఆకారాలు చెప్పేసిన కృత్రిమ మేధ. ఇరవై రెండు లక్షల కొత్త స్ఫటికాలను ఊహించిన కృత్రిమ మేధ. పది రోజుల వాతావరణాన్ని నిమిషంలోపు లెక్కగట్టిన కృత్రిమ మేధ. కోట్ల డిగ్రీల ప్లాస్మాను అదుపులో పెట్టిన కృత్రిమ మేధ. సైన్సు వార్తలు చదివేవాళ్ళకి ఐదారేళ్ళుగా ఈ శీర్షికలు అలవాటైపోయాయి. అన్నీ ఒకే గొంతుతో వినబడతాయి, అన్నిటికీ ఒకే బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. తీరా చూస్తే వీటిలో ఒకటి నోబెల్ దాకా వెళ్ళింది. ఒకటి వాతావరణ కేంద్రం రోజువారీ పనిలో కలిసిపోయింది. ఇంకొకటి ఏడాది తిరక్కుండానే ఆ రంగపు పెద్దల చేత చీవాట్లు తింది.

చిత్రమేమిటంటే వీటి వెనకున్న పద్ధతి దాదాపు ఒకటే. న్యూరల్ నెట్‌వర్క్ అనే గణిత నిర్మాణానికి ప్రశ్నలూ జవాబులూ జతలు జతలుగా చూపిస్తారు. తన జవాబుకీ అసలు జవాబుకీ మధ్య తేడా తగ్గేదాకా అది తన లోపలి లక్షలాది అంకెలను కొద్దికొద్దిగా సవరించుకుంటూ పోతుంది. ప్రోటీనా తుపానా అన్నది దానికి అక్కర్లేదు. అంకెలు లోపలికి వెళ్తాయి, అంకెలు బయటికి వస్తాయి. మరి ఆ పద్ధతే ఒకచోట రాయిలా నిలబడి, ఇంకోచోట తేలిపోతోందేం? దీనికి జవాబు యంత్రం తెలివిలో వెతికితే దొరకదు. ఆ రంగంలో సరైన జవాబులు ఎవరి దగ్గరున్నాయి, అవి కొలిచినవా లెక్కగట్టినవా, తప్పు చెబితే అది ఎన్నాళ్ళకు బయటపడుతుంది అన్నవి చూడాలి. పరీక్ష పేపరు ఎవరు దిద్దుతున్నారో తెలియకుండా మార్కుల గురించి మాట్లాడుకుని ఏం లాభం?

అన్నిటికంటే సాఫీగా నడిచిన కథ ప్రోటీన్లది.

ప్రోటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలను ఒక వరసలో గుచ్చిన గొలుసు. కణంలో తయారవుతూనే ఆ గొలుసు మడతలు పడి ఒక ఆకారంలోకి ఒదిగిపోతుంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ అయినా, తిన్నది అరిగించే ఎంజైమైనా పని చేసేది ఆ ఆకారం వల్లే. 1960ల నాటికే క్రిస్టియన్ ఆన్ఫిన్‌సెన్ ఒక ప్రయోగం చేసి చూపించారు. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును రసాయనాలతో పూర్తిగా విప్పేసి, తర్వాత ఆ రసాయనాలను తీసేస్తే, అది ఎవరి సాయమూ లేకుండా తిరిగి తన పాత ఆకారంలోకి ముడుచుకుంది. అంటే ఆకారానికి కావలసిన సమాచారమంతా అమైనో ఆమ్లాల వరసలోనే ఉందన్నమాట. దానికి 1972లో నోబెల్ వచ్చింది. కానీ సమాచారం ఉందని తెలియడం వేరు, దాన్ని చదవగలగడం వేరు. ఒక మోస్తరు గొలుసు పడగల మడతలన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ పోతే విశ్వం వయసంత కాలమైనా చాలదని 1969లో సైరస్ లెవింథాల్ ఎత్తిచూపారు. ప్రోటీన్ మాత్రం ఆ పనిని చాలాసార్లు రెప్పపాటులో ముగించేస్తుంది.

లెక్కకు అందనప్పుడు కొలవడమే దారి. 1958లో జాన్ కెండ్రూ బృందం తిమింగలం కండరాల నుంచి తీసిన మయోగ్లోబిన్ ఆకారాన్ని ఎక్స్‌రే కిరణాలతో తొలిసారి చూపించింది. ఇందుకు ముందు ప్రోటీన్‌ను స్ఫటికంగా మార్చాలి. కొన్ని ప్రోటీన్లు ఎన్నేళ్ళు బతిమాలినా స్ఫటికం కావు. అలా చెమటోడ్చి కొలిచిన ఆకారాలను అందరికీ అందుబాటులో ఉంచడానికి 1971లో ప్రోటీన్ డేటా బ్యాంక్ పెట్టారు. మొదట్లో అందులో ఉన్నవి ఏడంటే ఏడు. ఆకారాలను ఊహించే కృత్రిమ మేధ ఆల్ఫాఫోల్డ్ శిక్షణకు కూర్చునేనాటికి సుమారు లక్షా డెబ్భై వేలు. అరశతాబ్దం పాటు వేలమంది పరిశోధకులు కొలిచి, అదీ ఉచితంగా పంచిపెట్టిన జవాబులవి.

జవాబుల సంగతి అలా ఉంచితే, ఈ రంగానికి మరో అదృష్టం కూడా ఉంది. 1994 నుంచి రెండేళ్ళకోసారి కాస్ప్ అనే పోటీ జరుగుతోంది. ప్రయోగశాలల్లో ఆకారం తేలిపోయినా ఇంకా బయటపెట్టని ప్రోటీన్లను నిర్వాహకులు సేకరిస్తారు. పోటీదారులకు అమైనో ఆమ్లాల వరస మాత్రమే ఇస్తారు. వాళ్ళు ఊహించి పంపిన ఆకారాన్ని, పోటీతో సంబంధం లేని నిపుణులు అసలు ఆకారంతో పోల్చి నూటికి మార్కులు వేస్తారు. ముందే జవాబు చూసేసే అవకాశం లేదు, ఫలితం నచ్చకపోతే దాచుకునే వీలూ లేదు. చాలా ఏళ్ళపాటు కష్టమైన ప్రోటీన్లలో ఎంతటి బృందానికైనా నలభై మార్కులకు అటూ ఇటూగానే వచ్చేవి. 2018లో గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ వాళ్ళ మొదటి ఆల్ఫాఫోల్డ్ అరవై దగ్గరికి వచ్చింది. 2020లో అన్ని ప్రోటీన్లూ కలిపి రెండో ఆల్ఫాఫోల్డ్ మధ్యస్థ మార్కు 92.4. తొంభై దాటితే ప్రయోగంలో కొలిచినదానితో సమానంగానే చూడొచ్చన్నది ఆ రంగంలో ఒప్పుకున్న మాట. 2024లో డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు రసాయన శాస్త్ర నోబెల్‌లో సగం దక్కింది. కొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు మిగతా సగం డేవిడ్ బేకర్‌కు వెళ్ళింది. నన్నడిగితే, ఎవరి పేరూ లేకుండా ఆ డేటా బ్యాంకుకీ ఆ పోటీకీ కూడా అందులో వాటా ఉంది.

ఆల్ఫాఫోల్డ్ లోపల జరిగేది కాస్త దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఒక ప్రోటీన్ వరస ఇవ్వగానే అది మొదట చేసే పని, వేర్వేరు జీవుల్లో ఆ ప్రోటీన్‌కు చుట్టాలైన వరసలను వెతికి ఒకదాని కింద ఒకటి పేర్చుకోవడం. గొలుసులో 30వ స్థానంలో అమైనో ఆమ్లం మారిన ప్రతి జీవిలోనూ 87వ స్థానంలో కూడా మార్పు కనిపిస్తోందనుకోండి. గొలుసులో దూరంగా ఉన్నా, మడత పడ్డాక ఆ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయని అనుమానించవచ్చు. ఒకటి లావైతే పక్కది సర్దుకోవాలి, లేకపోతే ఆ ప్రోటీన్ పనిచేయదు, ఆ జీవి బతకదు. ఈ ఆలోచన ఆల్ఫాఫోల్డ్ కంటే పాతది. దాన్ని అన్ని జతలకూ ఒకేసారి, ఒకదానితో ఒకటి పొసిగేలా వర్తింపజేయడంలో ఉంది దాని ఘనత. అంటే ఇక్కడ పరిణామక్రమం కూడా కోట్ల ఏళ్ళుగా తప్పు జవాబులను కొట్టేస్తూ వచ్చిన పరిశీలకుడే.

పైగా ఈ యంత్రం తన జవాబు మీద తనకెంత నమ్మకమో కూడా చెబుతుంది. గొలుసులో ప్రతి స్థానానికీ సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె వేస్తుంది. తొంభై దాటితే గట్టి నమ్మకం, యాభై లోపయితే పట్టించుకోవద్దని అర్థం. మనిషి ప్రోటీన్ల మీద 2021లో వెలువడిన ఫలితాల్లో, మొత్తం స్థానాల్లో 58 శాతానికి మాత్రమే నమ్మదగ్గ అంచనా వచ్చింది. గట్టి నమ్మకం ఉన్నవి 36 శాతం. మిగిలినదంతా యంత్రం వైఫల్యమే అనుకోవద్దు. చాలా ప్రోటీన్లలో కొన్ని భాగాలకు అసలు స్థిరమైన ఆకారమే ఉండదు. అవసరాన్ని బట్టి వంగుతూ, దేన్నో పట్టుకున్నప్పుడు మాత్రమే కుదురుకుంటాయి. "మనిషి ప్రోటీన్లన్నిటి ఆకారాలూ తెలిసిపోయాయి" అన్న శీర్షిక కింద ఈ 58 శాతం ఎక్కడా కనపడదు.

2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్-3 మరో మెలిక పెట్టింది. ప్రోటీన్‌తో పాటు డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, మందు అణువులు ఎలా అతుక్కుంటాయో కూడా ఊహించడానికి, బొమ్మలు గీసే యంత్రాలు వాడే పద్ధతినే ఇందులోకి తెచ్చారు. దాంతో ఆ బొమ్మల జబ్బు కూడా వచ్చింది. స్థిరమైన ఆకారం లేని భాగాల్లో లేని ఆకారాన్ని కల్పించడం మొదలుపెట్టింది. దాన్ని అణచడానికి పాత ఆల్ఫాఫోల్డ్ ఊహించిన ఆకారాలను శిక్షణలో కలపాల్సి వచ్చిందని రూపకర్తలే రాశారు. కొన్నిసార్లు పరమాణువులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కొన్నిసార్లు అణువు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. ఇలాంటివి పట్టుకోవడానికి అసలు జవాబు తెలియాల్సిన పనిలేదు. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో పరమాణువులు గుద్దుకుంటాయో 1963లోనే మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం పటం గీసింది. ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రోటీన్ ఆకారం తేల్చినా ఈనాటికీ ఆ పటం మీద పెట్టి చూస్తారు.

వాతావరణ సూచనది ఇంకో రకం అదృష్టం. ఇక్కడ దిద్దేది సాక్షాత్తూ ఆకాశమే, అదీ రోజూ.

సంప్రదాయ పద్ధతిలో గాలి కదలిక, ఉష్ణోగ్రత, తేమ, పీడనాలకు భౌతిక సమీకరణాలు రాసుకుని, భూమి చుట్టూ గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఏమవుతుందో సూపర్ కంప్యూటర్ మీద గంటల తరబడి లెక్కవేస్తారు. 1950లో ఎనియాక్ మీద చేసిన తొలి ప్రయత్నం నుంచి ఇదే దారి. కొత్త పద్ధతి సమీకరణాల జోలికి పోదు. యూరప్ మధ్యకాలిక వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ5 అనే భారీ రికార్డు ఉంది. 1940 నుంచి గంట గంటకూ, దాదాపు 31 కిలోమీటర్ల గళ్ళలో, భూగోళమంతటా వాతావరణం ఎలా ఉందో అందులో ఉంటుంది. దాన్నుంచి 39 ఏళ్ళ రికార్డును డీప్‌మైండ్ వాళ్ళ సూచనల నమూనా గ్రాఫ్‌కాస్ట్‌కు చూపించారు. ఇప్పుడు ఇలా ఉంటే ఆరు గంటల తర్వాత ఎలా ఉంటుంది అన్నది ఒక్కటే ప్రశ్న. వచ్చిన జవాబును మళ్ళీ ప్రశ్నగా తిరిగిచ్చుకుంటూ పది రోజుల దాకా పోతుంది. 2023 నవంబరులో వెలువడిన ఫలితాల ప్రకారం 1,380 కొలమానాల్లో తొంభై శాతంలో అది యూరప్ కేంద్రం వారి అత్యుత్తమ నమూనాను మించింది. అదే ఏడాది సెప్టెంబరులో లీ అనే హరికేన్ కెనడాలోని నోవా స్కోషియా దగ్గర తీరం దాటుతుందని తొమ్మిది రోజుల ముందే చెప్పింది; పాత పద్ధతులకు ఆ సంగతి తేలేసరికి ఆరు రోజులే మిగిలాయి. 2025 ఫిబ్రవరి 25న యూరప్ కేంద్రమే తన సొంత కృత్రిమ మేధ నమూనా ఏఐఎఫ్ఎస్‌ను రోజువారీ సూచనల్లోకి తీసుకుంది. ఒక సూచన తయారీకి పాత పద్ధతిలో కాలే విద్యుత్తులో వెయ్యో వంతు చాలని ఆ కేంద్రం చెబుతోంది.

సమీకరణాల పని అయిపోయిందని కొందరు అప్పుడే తేల్చేశారు. తొందరపాటది. ఈఆర్ఏ5 రికార్డే సమీకరణాల బిడ్డ. 1940లో సముద్రం మీద ప్రతి 31 కిలోమీటర్లకూ ఉష్ణమాపకం పెట్టినవాళ్ళెవరూ లేరు. ఓడలు, బెలూన్లు, తర్వాతి కాలంలో ఉపగ్రహాలు ఇచ్చిన చెదురుమదురు కొలతలను భౌతిక నమూనాలో పోసి, మధ్యలో ఖాళీలను ఆ నమూనా చేతే పూరించారు. ఈ రోజు సూచన మొదలుపెట్టడానికి కావలసిన "ఇప్పుడెలా ఉంది" అన్న పటాన్నీ ఇప్పటికీ ఎక్కువగా అలాగే తయారుచేస్తున్నారు.

మరో లోపం మరింత సూక్ష్మంగా ఉంటుంది. సగటు తప్పును తగ్గించమని శిక్షణ ఇస్తే యంత్రం పిరికిదవుతుంది. తుపాను ఇక్కడుంటుందో, వంద కిలోమీటర్ల అవతలుంటుందో తెలియనప్పుడు, రెండుచోట్లా కాస్త కాస్త గాలి వేసి చేతులు దులుపుకుంటుంది. సగటున మార్కులు బాగానే పడతాయి గానీ అలాంటి తుపాను ప్రపంచంలో ఎక్కడా ఉండదు. రోజులు గడిచేకొద్దీ పటం అలుక్కుపోయినట్టు కనబడేది ఇందుకే. 2023లో ఇద్దరు పరిశోధకులు పాంగూ-వెదర్ అనే నమూనాకు ప్రారంభ స్థితిలో అతిచిన్న మార్పు చేసి చూశారు. నిజమైన వాతావరణంలో అలాంటి చిన్న తేడా వేగంగా పెరిగిపోతుంది; 1963లో ఎడ్వర్డ్ లోరెంజ్ చెప్పింది అదే. ఆ యంత్రంలో మాత్రం ఆ తేడా పెరగాల్సినంత వేగంగా పెరగలేదు. సూచనలు సరిగ్గా ఇస్తూనే, వాతావరణం స్వభావాన్ని మాత్రం అది నేర్చుకోలేదన్నమాట. 2024 చివర్లో వచ్చిన జెన్‌కాస్ట్ ఒకే సూచనకు బదులు సాధ్యమయ్యే అనేక వాతావరణాలను వేరువేరుగా ఇచ్చి ఈ అలుకుడును చాలావరకు వదిలించుకుంది. ఈ తప్పు ఇంత త్వరగా దొరకడానికీ, మందు ఇంత త్వరగా రావడానికీ కారణం రోజూ తెల్లారేసరికి అసలు జవాబు వచ్చేయడమే.

తేలిక పరమాణువుల కేంద్రకాలను కలిపి శక్తి తీయాలని చూసే ఫ్యూజన్ రియాక్టర్లలో ఆ ఆలస్యం కూడా లేదు. ప్లాస్మా అనే అతివేడి వాయువును అయస్కాంతాలతో పట్టి ఉంచే రియాక్టరును టోకమాక్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని టీసీవీ టోకమాక్‌లో 19 అయస్కాంత చుట్టలకు ఎంత వోల్టేజి ఇవ్వాలో సెకనుకు పదివేల సార్లు నిర్ణయించే యంత్రాన్ని 2022లో చూపించారు. ఇది జవాబులు చూసి నేర్చింది కాదు. కంప్యూటర్ నమూనాలో ప్రయత్నించి, తప్పులు చేసి నేర్చుకుని, తర్వాత అసలు ప్లాస్మా మీదకు వచ్చింది. 2024లో అమెరికాలోని డీ-త్రీ-డీ టోకమాక్‌లో ప్రిన్స్‌టన్ బృందం ప్లాస్మా చిరిగిపోబోతోందని 300 మిల్లీసెకన్ల ముందే పసిగట్టి తప్పించింది. లెక్క తప్పితే ప్లాస్మా అక్కడికక్కడే చెప్పేస్తుంది, వాదనకు తావే లేదు. అయితే ఫ్యూజన్ విద్యుత్తు దగ్గరపడిందనడానికి ఇది రుజువు కాదు. ప్లాస్మాను నిలబెట్టడం ఒక సమస్య, దాన్నుంచి పెట్టినదానికి మించి శక్తి తీయడం మరో సమస్య, ఆ తాకిడిని తట్టుకునే గోడలు ఇంకో సమస్య.

ఆ గోడలకు కావలసిన పదార్థాల దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది.

2023 నవంబరు 29న ఒకే రోజు రెండు వార్తలు. డీప్‌మైండ్ వాళ్ళ నోమ్ అనే వ్యవస్థ ఇరవై రెండు లక్షల కొత్త స్ఫటిక నిర్మాణాలను ఊహించిందనీ, వాటిలో సుమారు 3,80,000 స్థిరంగా నిలబడేవనీ ఒకటి. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలోని రోబో వ్యవస్థ ఏ-ల్యాబ్ 17 రోజుల్లో 58 పదార్థాలు ప్రయత్నించి 41 తయారుచేసిందని రెండోది. ఊహించేది ఒక యంత్రం, వండేది మరో యంత్రం; మనిషి తప్పుకుంటే చాలన్నంత సంబరం.

ఇక్కడ "స్థిరం" అన్న మాట దగ్గర ఆగాలి. ఒక సమ్మేళనం విడిపోయి వేరే పదార్థాలుగా మారితే మొత్తం శక్తి తగ్గుతుందా అని లెక్కవేస్తారు. తగ్గకపోతే స్థిరం. ఈ లెక్కకు ఆధారం డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతం. 1964, 65లలో వాల్టర్ కోన్, ఆయన సహచరులు వేసిన పునాది అది, 1998లో కోన్‌కు నోబెల్ కూడా తెచ్చింది. గొప్ప సిద్ధాంతమే. కానీ ఇక్కడ దాన్ని వర్తింపజేసింది పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర, ప్రతి పరమాణువూ తనకు కేటాయించిన చోటే కూర్చున్న లోపం లేని స్ఫటికానికి. నోమ్ చూసి నేర్చుకున్న జవాబులు ప్రధానంగా ఇలా లెక్కగట్టినవే. దాని జవాబులను దిద్దిందీ ఆ లెక్కే. ఒక లెక్కను మరో లెక్క సరిచూస్తే అంగీకారం కుదరడంలో వింతేముంది? ఇతరులు విడిగా తయారుచేసి చూసినవి 736 ఉన్నాయని ఆ బృందం చెప్పింది. 3,80,000 పక్కన ఆ అంకెను పెట్టి చూడండి.

ప్రోటీన్ల వాళ్ళకు కాస్ప్ ఉన్నట్టు ఇక్కడ ముందే ఏర్పాటైన పరీక్ష లేదు. కాబట్టి దిద్దే పని అచ్చయ్యాక మొదలైంది. ప్రిన్స్‌టన్‌లో లెస్లీ షూప్, లండన్‌లో రాబర్ట్ పాల్‌గ్రేవ్, వాళ్ళ సహచరులు ఏ-ల్యాబ్ ప్రచురించిన ఎక్స్‌రే పటాలను ఒక్కొక్కటిగా తీసి చూశారు. పొడి మీద ఎక్స్‌రే కిరణాలు పడితే పరమాణువుల అమరికను బట్టి కొన్ని కోణాల్లో శిఖరాలు వస్తాయి. రెండు లోహాలు స్ఫటికంలో తమ తమ స్థానాల్లో విడివిడిగా, క్రమంగా కూర్చుంటే అదనంగా కొన్ని చిన్న శిఖరాలు కనబడాలి. ఆ రెండు లోహాలూ ఒకే స్థానాలను ఎటుబడితే అటు పంచుకుంటే ఆ చిన్న శిఖరాలు రావు. యంత్రం ఊహించింది క్రమమైన అమరికను. బుడ్డీలో తయారైనవాటిలో చాలావరకు క్రమం తప్పినవి, అవి అంతకుముందే రసాయన శాస్త్రానికి తెలిసినవి. విజయవంతమయ్యాయన్నవాటిలో మూడింట రెండు వంతులు ఇలాంటివే అయి ఉండవచ్చనీ, కొత్త పదార్థమేదీ దొరకలేదనీ వాళ్ళు తేల్చారు. పటాన్ని చదివే పని కూడా సాఫ్ట్‌వేర్‌కే అప్పగించడంతో ఆ చిన్న శిఖరాలు ఎందుకు లేవని అడిగేవాళ్ళే లేకపోయారు. ఈ రకం పటాలు పదేళ్ళు చదివిన మనిషి ముందు చూసేది వాటినే.

నోమ్ జాబితా మీద 2024లో ఆంటొనీ చీతమ్, రామ్ శేషాద్రి పెట్టిన అభ్యంతరం మరింత మొహమాటం లేనిది. కొత్తదనం, నమ్మదగ్గతనం, పనికొచ్చే గుణం మూడూ ఉన్న సమ్మేళనాలు అందులో తమకు పెద్దగా కనబడలేదన్నారు. వేల సంఖ్యలో సమ్మేళనాల్లో ప్రొమీథియం, ఆక్టీనియం వంటి రేడియోధార్మిక మూలకాలున్నాయి. ప్రొమీథియం భూమి పైపొర మొత్తం గాలించినా ఏ క్షణంలోనైనా కిలో కూడా ఉండదని అంచనా. దానితో బ్యాటరీ చేసేదెవరు?

లెక్కకీ పదార్థానికీ మధ్య అగాధం ఎంతుంటుందో 2023 జులైలో ఎల్‌కే-99 ఉదంతం చూపించింది. దక్షిణ కొరియా బృందం ఒకటి సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఆ పదార్థం గది ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకమని, అంటే విద్యుత్తును నిరోధమే లేకుండా పోనిస్తుందని ప్రకటించింది. పది రోజులు తిరక్కుండానే బర్కిలీలో చేసిన ఒక కంప్యూటర్ లెక్క, అతివాహకాల్లో కనబడే లక్షణం ఒకటి ఇందులోనూ ఉందని చెప్పేసరికి ఉత్సాహం రెట్టింపైంది. ఆ లెక్క తప్పేమీ కాదు. అయితే అది కాగితం మీది స్ఫటికానికి. కొరియా నమూనాలో కాపర్ సల్ఫైడ్ కల్తీ ఉంది. అది దాదాపు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర రూపం మార్చుకుంటుంది, అప్పుడు విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోతుంది. చూసినవాళ్ళు దాన్నే అతివాహకత్వం అనుకున్నారు. స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ కల్తీ లేని స్ఫటికాన్ని పెంచి కొలిస్తే, దాని నిరోధం లక్షల ఓములు. అతివాహకం మాట దేవుడెరుగు, మామూలు వాహకం కూడా కాదు. మొత్తం వ్యవహారం నెల లోపే తేలిపోయింది, ఎందుకంటే ఆ పదార్థాన్ని ఏ ప్రయోగశాలైనా కొద్ది రోజుల్లో తయారుచేసి చూడగలిగింది. 3,80,000 పదార్థాలకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఇక శీతోష్ణస్థితి నమూనాలు. వాతావరణ సూచనలో ఇంత సాధించిన యంత్రం 2100 నాటి భూమి ఎలా ఉంటుందో కూడా చెప్పేస్తుందని అనుకోవడం సహజం. సమీకరణాలు అవే, గాలీ నీరూ అవే. తేడా అల్లా దిద్దడంలో ఉంది. రేపటి వానకు జవాబు రేపు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైన భూమికి జవాబు ఇంకా రాయనే లేదు, రాసేదాకా ఆగితే ఆ జవాబుతో పనీ ఉండదు.

1979లో జూల్ చార్నీ నాయకత్వంలోని కమిటీ కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 1.5 నుంచి 4.5 డిగ్రీల దాకా వేడెక్కుతుందని అంచనా వేసింది. నలభై రెండేళ్ళ తర్వాత, 2021లో ఐక్యరాజ్యసమితి శీతోష్ణస్థితి కమిటీ ఐపీసీసీ దాన్ని 2.5 నుంచి 4 డిగ్రీల మధ్యకు కుదించింది. కంప్యూటర్లు కోట్ల రెట్లు వేగం పుంజుకున్నా ఈ అంతరం ఇంత నెమ్మదిగా తగ్గడానికి ప్రధాన దోషి మేఘం. శీతోష్ణస్థితి నమూనాలో ఒక గడి వెడల్పు మామూలుగా యాభై, వంద కిలోమీటర్లు. మేఘం వందల మీటర్లది, దాంట్లోని నీటి బిందువు మిల్లీమీటరులో వందో వంతు. కాబట్టి ఒక గడిలో ఎంత మేఘం పట్టి ఉందన్నది సమీకరణంలోంచి పుట్టదు, ఒక ఉజ్జాయింపు సూత్రం పెట్టి చెప్పించాలి. సముద్రాల మీద కిందగా పరుచుకునే మేఘాలు ఎండను వెనక్కి కొడతాయి. భూమి వేడెక్కితే అవి పలచబడతాయా, ఎంత పలచబడతాయి అన్నదాన్ని బట్టి అంచనా డిగ్రీల మేర మారిపోతుంది.

ఆ ఉజ్జాయింపు సూత్రం స్థానంలో న్యూరల్ నెట్‌వర్క్‌ను పెట్టడం కొత్త దారి. 2024లో గూగుల్ బృందం ప్రకటించిన న్యూరల్‌జీసీఎం అలాంటిది. పెద్ద స్థాయి గాలి కదలికలను సమీకరణాలకే వదిలి, మేఘాలూ వర్షమూ వంటి చిల్లర లెక్కలను యంత్రానికి అప్పగించారు. నాకు ఇది మిగతావాటికంటే నిజాయితీగల ప్రయత్నం అనిపిస్తుంది. తెలిసిన భౌతిక శాస్త్రాన్ని మళ్ళీ నేర్చుకోమని యంత్రాన్ని వేధించదు, పైగా తన హద్దు తానే చెప్పుకుంటుంది. సముద్ర ఉపరితలాన్ని ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కిస్తే దాని స్పందన మిగతా నమూనాలకు దగ్గరగానే ఉంది. నాలుగు డిగ్రీలు పెంచేసరికి దారి తప్పింది. అంత వేడి భూమి దాని శిక్షణలో ఎక్కడా లేదు మరి.

చూడనిదాన్ని యంత్రం ఎలా ఎదుర్కొంటుందో 2025లో వచ్చిన ఒక అధ్యయనం నేరుగా పరీక్షించింది. ఫోర్‌కాస్ట్‌నెట్ అనే నమూనా శిక్షణ రికార్డులోంచి మూడు, నాలుగు, ఐదు శ్రేణుల హరికేన్లన్నిటినీ తీసేశారు. తర్వాత ఐదో శ్రేణికి ఎదగబోయే తుపానుల తొలి స్థితిని ఇచ్చి ఏమవుతుందని అడిగారు. రెండో శ్రేణి దగ్గరే ఆగిపోతుందని చెప్పింది. రాబోయే ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పడం కంటే పెద్ద తప్పు సూచనల్లో ఉండదు. ఇందులో ఒక ఊరట కూడా దొరికింది. ఒక సముద్రంలోని పెద్ద తుపానులను శిక్షణలో ఉంచి, మరో సముద్రంలోనివి మాత్రమే తీసేసినప్పుడు, ఆ రెండోచోటి పెద్ద తుపానులను అది ఊహించగలిగింది. ఎక్కడో ఒకచోట చూసి ఉంటే చాలు. వేడెక్కిన భూమి విషయంలో ఆ "ఎక్కడో ఒకచోట" అన్నది లేదు.

ముందుకు చూసే వీల్లేనప్పుడు కొందరు వెనక్కి చూశారు. అమెరికా జాతీయ వాతావరణ పరిశోధనా కేంద్రం వారి సీఈఎస్ఎం2 నమూనా, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఐదు డిగ్రీల పైనే వేడెక్కుతుందని చెప్పి కలవరపెట్టింది. ఇరవయ్యో శతాబ్దపు వేడిమిని అది బాగానే చూపించింది కాబట్టి తప్పని కొట్టిపారేయలేరు. అప్పుడు దాన్ని ఐదు కోట్ల ఏళ్ళ కిందటి ఇయోసీన్ యుగంలోకి తీసుకెళ్ళారు. ఉష్ణమండల నేలల మీద 55 డిగ్రీలు దాటిన వేడి చూపించింది. ఆ వేడిలో ఏ మొక్కా ఆహారం తయారుచేసుకోలేదు, ఆ కాలపు అడవుల శిలాజాలు మాత్రం దొరుకుతూనే ఉన్నాయి. తర్వాత ఇరవై వేల ఏళ్ళ కిందటి మంచు యుగంలోకి తీసుకెళ్ళారు. శిలాజాలు, మంచు పొరలు, సముద్రపు అడుగు మట్టి కలిసి చెప్పే సాక్ష్యం ప్రకారం అప్పుడు భూమి ఇప్పటికంటే ఐదు నుంచి ఏడు డిగ్రీలు చల్లగా ఉండేది. నమూనా పదకొండు డిగ్రీలకు మించి చల్లబరిచింది. తప్పు ఎక్కడని తవ్వితే మేఘాల్లో మంచు కణాల సంఖ్యకు పెట్టిన ఒక పరిమితి బయటపడింది. దాన్ని సరిచేస్తే మంచు యుగం దారికి వచ్చింది, రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ అంచనా నాలుగు డిగ్రీల దగ్గరికి దిగింది.

న్యూరల్ నెట్‌వర్క్ నమూనాలను కూడా ఈ మంచు యుగం పరీక్షకు కూర్చోబెట్టవచ్చు కదా అంటే, ముందు వాటికి సముద్రం కావాలి. 2024 నాటి న్యూరల్‌జీసీఎం గాలిని మాత్రమే లెక్కిస్తుంది. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను మనమే బయటి నుంచి అందించాలి. మంచు యుగపు సముద్రం ఎంత చల్లగా ఉందో ముందే చెప్పేస్తే, భూమి ఎంత చల్లబడుతుందన్న ప్రశ్నకు జవాబు చేతికిచ్చి పరీక్ష పెట్టినట్టే. ఈలోగా మేఘాలను కొలిచే పని వేరేగా సాగుతోంది. 2024 మే నెలలో యూరప్, జపాన్ అంతరిక్ష సంస్థలు కలిసి పంపిన ఎర్త్‌కేర్ ఉపగ్రహం రాడార్‌తోనూ లేజర్‌తోనూ మేఘాలను పైనుంచి కిందదాకా పొరలు పొరలుగా కొలుస్తోంది. నీటి బిందువు ఎక్కడ, మంచు కణం ఎక్కడ, అవి పైకి లేస్తున్నాయా కిందికి జారుతున్నాయా అన్నది ఆ కొలతల్లో ఉంటుంది. సీఈఎస్ఎం2 తడబడింది ఆ మంచు కణాల దగ్గరే.